తుర్రంఖాన్ అనే మనిషి నిజంగా ఉన్నాడు

మధ్యాహ్నం భోజనాల వేళ సైబర్ టవర్స్ చుట్టుపక్కల చాయ్ బండ్ల దగ్గర కాసేపు నిలబడితే ఎన్ని యాసలైనా వినొచ్చు. కృష్ణా జిల్లా దీర్ఘాలు, కడప విరుపులు, పాలమూరు పలుకు, వాటి మధ్యలో హిందీ, ఇంగ్లీషు. రేపటికల్లా పనంతా నేనొక్కణ్నే తేల్చేస్తానని ఒకడంటాడు. పక్కవాడు గ్లాసు కింద పెట్టి, "ఏందిరా, పెద్ద తుర్రంఖాన్ లెక్క మాట్లాడుతున్నవ్?" అంటాడు. అందరూ నవ్వుతారు. విజయనగరం నుంచి వచ్చి మూడు నెలలైనా కాని కుర్రాడూ నవ్వుతాడు. ఆ మాట అతనికీ అర్థమైంది మరి. లేని గొప్ప చూపించుకునేవాడు, తనను మించినవాడు లేడనుకునేవాడు తుర్రంఖాన్.

తెలంగాణ పల్లెల్లో, పాతబస్తీ దక్కనీలో తరాలుగా నలిగిన మాట ఇది. హిందీవాళ్ల నోళ్లలోనూ ఉంది. 2020లో 'ఛలాంగ్' పేరుతో వచ్చిన హిందీ సినిమాకు మొదట అనుకున్న పేరు 'తుర్రం ఖాన్'. 2023లో 'తురుమ్ ఖాన్‌లు' అని తెలుగు సినిమా కూడా వచ్చింది. ఇంత చలామణీ ఉన్న మాట వెనక ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషికి కోట లేదు, జాగీరు లేదు, రాజవంశం లేదు. హైదరాబాద్‌లో ఇంగ్లీషువాడి కోఠీ మీదికి తుపాకులతో వెళ్లాడు. పట్టుబడి, యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడి, జైలు నుంచి తప్పించుకున్నాడు. ఆరు రోజుల తర్వాత ప్రాణం వదిలాడు. ఆయన పేరు తుర్రేబాజ్ ఖాన్. ఆ పేరే నలిగి తుర్రంఖాన్ అయిందని హైదరాబాద్ జనం చెప్పుకుంటారు.

తుర్రా అంటే తలపాగాకు చెక్కుకునే కుచ్చు. మన తెలుగులో రాజుల తలపాగా మీది ఆభరణాన్ని తురాయి అంటాం కదా, అదే మాట. ఎండాకాలంలో ఎర్రగా విరబూసే తురాయి చెట్టుకు ఆ పేరుండటమూ అందుకు తగ్గట్టే ఉంది. పేరు పారశీకం నుంచి వచ్చినా దాని చుట్టం మన ఇంట్లోనే ఉంది. ఇంకో సంగతి. పిట్ట తుర్రుమంది అంటాం, దొంగ తుర్రుమన్నాడు అంటాం. ఆ తుర్రుకూ ఈ తుర్రాకూ పుట్టుకలో చుట్టరికం లేదు. కానీ జైలు గోడ దాటి మాయమైన మనిషి పేరు తెలుగు చెవికి అంత తేలిగ్గా పట్టుబడటంలో ఆ శబ్దానికీ వాటా ఉందనిపిస్తుంది.

1857కు వెళ్దాం. మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. మర్నాడు ఢిల్లీ వాళ్ల చేతికొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, మే 16న, హైదరాబాద్‌లో నిజాం నాసిరుద్దౌలా కన్నుమూశాడు. కొడుకు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కాడు. దివాను మొదటి సాలార్‌జంగ్‌కు అప్పటికి 28 ఏళ్లు. బ్రిటిష్ రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్‌సన్ వచ్చి కొన్ని వారాలే. ఊరంతా గుసగుసలు. గోడల మీద తెల్లారేసరికి కాగితాలు వెలిసేవి. ఢిల్లీ పాదుషా లేచాడు, మన నిజాం ఎందుకు లేవడు అని వాటి సారాంశం.

జనంలో మంట ఊరికే పుట్టలేదు. 1853లో కంపెనీవాళ్లు బేరారు ప్రాంతాన్ని చేతిలోకి తీసుకున్నారు. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యాన్ని పోషించడానికి నిజాం పడ్డ బాకీల కింద పత్తి పండే ఆ నేలంతా పోయింది. సైన్యం ఇంగ్లీషువాడి మాట వింటుంది, జీతం మాత్రం నిజాం ఇవ్వాలి. ఇవ్వలేకపోతే భూమి ఇవ్వాలి. ఈ లెక్క సామాన్యుడికి కూడా అర్థమైంది.

ఆ కంటింజెంట్‌లోని ఒక గుర్రపు దళం ఔరంగాబాద్‌లో ఉండేది. తమను ఢిల్లీ మీదికి, తోటి సిపాయిల మీదికి నడిపిస్తారన్న అనుమానంతో జూన్‌లో ఆ దళం ఎదురు తిరిగింది. అందులోని జమేదారు చీదాఖాన్ కొందరు సిపాయిలతో హైదరాబాద్ చేరాడు. నిజాం ప్రభువు తమకు నీడ ఇస్తాడని అతని ఆశ. చీదాఖాన్ తలకు అప్పటికే 3,000 రూపాయల వెల కట్టి ఉంది. సాలార్‌జంగ్ అతన్ని పట్టించి రెసిడెన్సీకి అప్పగించాడు.

శరణు కోరి వచ్చినవాణ్ని అప్పగించారన్న వార్త ఊరిని కుదిపేసింది. 1857 జులై 17 శుక్రవారం. మక్కా మసీదులో నమాజు ముగిసింది. చీదాఖాన్‌ను విడిపించాలని జనం గొంతెత్తారు. మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నిలిచాడు. ఆయన మత పెద్ద, మాటతో జనాన్ని కదిలించగలవాడు. తుపాకీ పట్టి నడిపించడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషి బేగంబజార్‌లో ఉండే రుస్తుంఖాన్ కొడుకు తుర్రేబాజ్ ఖాన్. ఆయన వెంట రోహిలాలున్నారు. రోహిలాలంటే పఠాన్ మూలాలున్న కిరాయి సైనికులు. జాగీర్దార్ల దగ్గరా షావుకార్ల దగ్గరా కాపలాకు, వసూళ్లకు ఉండేవారు. వాళ్లంటే దొరలకే జంకు.

సుమారు 500 మంది మూసీ దాటి రెసిడెన్సీ వైపు నడిచారు.

ఈ రెసిడెన్సీ భవనం గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఖైరున్నిసాను పెళ్లాడిన రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ దీన్ని 19వ శతాబ్దం మొదట్లో కట్టించాడు. ముందు ఆరు భారీ స్తంభాలు, మెట్లకు అటూ ఇటూ రెండు సింహాలు. ఆ పెద్ద కోఠీ వల్లే ఈ పేటకు కోఠి అన్న పేరు నిలిచింది. నిజాం రాజ్యంలో నిజాం కంటే బరువైన సంతకం ఈ మెట్ల పైనుంచే వచ్చేదని ఊళ్లో అందరికీ తెలుసు. అందుకే తుర్రేబాజ్ ఖాన్ గురి అటే.

పుత్లీబౌలి వైపు రెసిడెన్సీ ప్రహరీని ఆనుకున్నట్టుగా రెండు మేడలుండేవి. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకొకటి షావుకారు జైగోపాల్‌దాస్‌ది. పై అంతస్తు నుంచి చూస్తే రెసిడెన్సీ తోట కనిపిస్తుంది. తిరుగుబాటుదారులు ముందు ఆ మేడలెక్కారు. కిటికీల నుంచి, పిట్టగోడల చాటు నుంచి తుపాకులు పేల్చారు. తోట గేటు విరగ్గొట్టారు. ఏమీ తెలియని గుంపు చేసే పని కాదిది. ఎత్తు ఎవరిదైతే పైచేయి వాళ్లదని ఎరిగిన సైనికుడి ఎంపిక అది.

కానీ లోపలివాళ్లు నిద్రపోవడం లేదు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపాడు. రెసిడెన్సీలో మద్రాసు ఫిరంగి దళం సిద్ధంగా ఉంది. తుపాకీకి ఫిరంగి బదులు చెప్పింది. రాత్రంతా కాల్పులు సాగాయి. నాలుగు గంటల ప్రాంతంలో మేడల్లో చప్పుడు ఆగింది. తెల్లవారేసరికి ఆ రెండు ఇళ్లూ ఖాళీ. చుట్టూ కాపలా ఉన్నా తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ఇద్దరూ దొరకలేదు.

ఒక్క రాత్రి పోరాటం. గెలవలేదు. చీదాఖాన్ విడుదల కాలేదు. అయినా ఆ రాత్రి ఎంత బరువైనదో తెలియాలంటే అవతలివాళ్ల భయం చూడాలి. నిజాం గనక చెయ్యి దాటిపోతే అంతా పోయినట్టేనని బొంబాయి గవర్నర్ అప్పట్లో డేవిడ్‌సన్‌కు తంతి పంపాడు. మద్రాసు నుంచి బొంబాయి దాకా దక్షిణాపథం మొత్తానికి హైదరాబాద్ కీలకం. ఆ కీలాన్ని ఊపడానికి చేయి వేసినవాడు బేగంబజార్ మనిషి.

కొద్ది రోజులకే, జులై 22న, తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. విచారణలో మౌల్వీ ఎక్కడున్నాడని గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన నోరు విప్పలేదు. ఈ ఒక్క విషయం దగ్గర ఆగాల్సిందే. తోటివాడి జాడ చెబితే తన శిక్ష తగ్గే అవకాశం ఏ ఖైదీకైనా కనిపిస్తుంది. ఆయన చెప్పలేదు. మౌల్వీ ఇంకా చాలాకాలం బయటే ఉండగలిగాడు. డాబులు కొట్టేవాణ్ని తుర్రంఖాన్ అంటున్నాం గానీ, అసలు తుర్రేబాజ్ ఖాన్ గొప్పతనం నోరు మూసుకోవడంలో ఉంది.

శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసం. అండమాన్ అనగానే మనకు సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. అది పూర్తయింది 1906లో. తుర్రేబాజ్ ఖాన్ కాలానికి అక్కడ ఆ గదుల్లేవు, ఆ గోడల్లేవు. 1858 మార్చిలో వాకర్ అనే అధికారి 200 మంది తిరుగుబాటు ఖైదీలను ఓడలో తీసుకెళ్లి పోర్ట్‌బ్లెయిర్‌లో దించాడు. అడవి నరకడం, బురద తవ్వడం, జ్వరాలతో రాలిపోవడం, అదీ ఆ శిక్ష. కాలాపానీ అంటే మనిషి బతికుండగానే ఇంటివాళ్లు ఆశ వదులుకోవడం.

ఆయన ఆ ఓడ ఎక్కలేదు. 1859 జనవరి 18న కాపలాదారుల కళ్లుగప్పి జైలు నుంచి బయటపడ్డాడు. ఏడాదిన్నర సంకెళ్లలో ఉన్న మనిషి. ఢిల్లీ ఎప్పుడో తిరిగి ఇంగ్లీషువాడి చేతిలోకి పోయింది. బహదూర్‌షా జఫర్‌ను రంగూన్ పంపేశారు. ఝాన్సీ లక్ష్మీబాయి మరణించి ఆరు నెలలు దాటింది. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. వెనక చేరడానికి సైన్యం లేదు, ముందు ఆశ్రయమిచ్చే రాజు లేడు. అలాంటి వేళ ఆయన గోడ దాటాడు. డేవిడ్‌సన్ మండిపడ్డాడు. తలకు 5,000 రూపాయల వెల పెట్టారు. చీదాఖాన్ వెల కంటే 2,000 ఎక్కువ.

జనవరి 24న, హైదరాబాద్‌కు ఉత్తరాన తూప్రాన్ దగ్గర, తాలూక్‌దార్ మీర్జా కుర్బాన్ అలీ బేగ్ ఆయన్ను చుట్టుముట్టి చంపాడు. శవాన్ని నగరానికి తెచ్చి, రెసిడెన్సీ దగ్గర నలుగురూ చూసేలా వేలాడదీశారు. బతికుండగా ఏ భవనం మీదికి వెళ్లాడో, చనిపోయాక అక్కడికే తెచ్చారు.

ఇలా భయపెట్టడం తెలుగు నేలకు కొత్త కాదు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1847 ఫిబ్రవరి 22న, ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, ఆయన తలను కోట గోడకు వేలాడదీసి మూడు దశాబ్దాలు అలాగే ఉంచారు. చూసినవాళ్లు దడుచుకోవాలని చేసిన పని. జనం చూశారు, పాట కట్టారు.

మిగతా కథ త్వరగా చెప్పుకోవచ్చు. 1859 మార్చిలో జహంగీర్‌ఖాన్ అనే వ్యక్తి, నిజాం దర్బారు నుంచి బయటికొస్తున్న డేవిడ్‌సన్, సాలార్‌జంగ్‌ల మీద దాడి చేశాడు. వాళ్లు బతికారు, అతను చనిపోయాడు. మౌల్వీ అల్లావుద్దీన్ చివరకు దొరికాడు, 1859లోనే అండమాన్ చేరాడు, అక్కడే కన్నుమూశాడు. 1860 ఒప్పందంతో నిజాంకు 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. రాయచూరు, ధారాశివ్ తిరిగొచ్చాయి. తిరుగుబాటు చేసిన సురపురం రాజు వెంకటప్ప నాయకుడి రాజ్యాన్ని కూడా బహుమానంగా ఇచ్చారు. సాలార్‌జంగ్‌ను ద్రోహి అని ఒక్క మాటతో కొట్టేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. దివాలా తీసిన రాజ్యాన్ని నిలబెట్టిన పాలకుడాయన. ఆ నిలబెట్టడానికి చెల్లించిన ధరలో తుర్రేబాజ్ ఖాన్ ప్రాణం కూడా ఉంది. రెండూ నిజాలే. సాలార్‌జంగ్ వంశం పేరుతో మూసీ ఒడ్డున మ్యూజియం ఉంది. తుర్రేబాజ్ ఖాన్‌కు దక్కింది జనం నోట్లో చోటు.

పాలకుల కాగితాల్లో నేరస్థుడైనవాడు జనం నోట వీరుడు కావడం ప్రపంచమంతటా ఉన్నదే. చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ దీన్ని లోతుగా చూశాడు. చట్టం దొంగ అన్నవాణ్ని ఊరు తనవాడంటుందని, అలాంటివాళ్లను సామాజిక బందిపోట్లని ఆయన పేర్కొన్నాడు. పాలమూరు పండుగ సాయన్నను చూస్తే ఆ మాట అతికినట్టు సరిపోతుంది. ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టాడని సాయన్న కథను ఇప్పటికీ పాడుకుంటారు.

సముద్రాలు దాటితే ఆస్ట్రేలియాలో మూన్‌డైన్ జో కనిపిస్తాడు. అసలు పేరు జోసెఫ్ బొలిథో జాన్స్. 1849లో బ్రిటన్‌లో రొట్టె, పందిమాంసం, జున్నులాంటి తిండిసామాను దొంగిలించాడన్న నేరానికి పదేళ్ల శిక్ష పడింది. ఓడలో పశ్చిమ ఆస్ట్రేలియాకు తోలారు. అక్కడ ఎన్నిసార్లు పట్టుకుంటే అన్నిసార్లు తప్పించుకున్నాడు. ఇతని కోసమే ఫ్రీమాంటిల్ జైల్లో దిట్టమైన గది తయారు చేయించారు. ఈసారి పారిపోతే క్షమించేస్తానని గవర్నర్ హాంప్టన్ సవాలు విసిరాడంటారు. 1867 మార్చిలో జో రాళ్లు కొడుతున్నట్టు నటిస్తూ, రాళ్లగుట్ట చాటున గోడకు కన్నం వేసుకుని మాయమయ్యాడు. రెండేళ్ల దాకా దొరకలేదు. అతను ముసలివాడై 1900లో మరణించాడు. టూడ్యే అనే చిన్న ఊళ్లో ఏటా అతని పేరుతో పండుగ చేస్తారు.

జో తన కోసం తాను పారిపోయాడు, నవ్వు పుట్టించాడు. జనం ఆ నవ్వును దాచుకున్నారు. తుర్రేబాజ్ ఖాన్ పారిపోవడంలో నవ్వుకు చోటు లేదు. అయినా విచిత్రంగా నవ్వులాటకు వాడుకునే మాటగా మిగిలింది ఆయన పేరే. నరసింహారెడ్డికి సొంత సీమ ఉంది, వంశం ఉంది, పాట కట్టే ఊళ్లున్నాయి. సాయన్నకు పాలమూరు ఉంది. తుర్రేబాజ్ ఖాన్ నగరం మనిషి. ఆయన పాట పాడితే దేవిడీలకు కోపం, రెసిడెన్సీకి కోపం. పాట కట్టాలంటే నలుగురూ కూర్చోవాలి, తంబుర కావాలి, రాత్రంతా కావాలి. మాటకు అవేవీ అక్కర్లేదు. పోలీసు ఎదురుగా ఉన్నా అనేయొచ్చు. "నువ్వేమన్న తుర్రంఖాన్‌వా?" అన్న ప్రశ్నలో ఎగతాళి ఎదుటివాడి మీద ఉంది, తుర్రేబాజ్ ఖాన్ మీద లేదు. తుర్రంఖాన్ నిజంగా అంతవాడు, నువ్వు కాదు అని దాని అర్థం. పోల్చడానికి ఆయన్ను కొలబద్దగా పెట్టుకున్నారు. ఎగతాళిలా వినిపించే ఈ మాటలో గౌరవం అలా చెక్కుచెదరకుండా ఉంది.

హైటెక్ సిటీ నుంచి ఆయన జాడ చూడాలనుకునేవాళ్లకు దారి తేలికే. హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో ఎల్బీనగర్ వైపు రైలు మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగితే కోఠి. పాత పుస్తకాలు, సెల్‌ఫోన్ కవర్లు, బస్సు కండక్టర్ల కేకలు. ఆ రద్దీలో, బస్టాపుల పక్కన, 1857 దాడికి గుర్తుగా ఒక స్మారకం ఉంది. బస్సు కోసం మెడ చాచి చూసేవాళ్ల చూపు దాని పైనుంచి పోతుంది. తుర్రేబాజ్ ఖాన్ పేరుతో రోడ్డూ ఉంది. దుకాణాల బోర్డుల మీద అడ్రసులో ఆ పేరు కనబడుతుంది. అక్కడ బేరమాడేవాళ్లలో ఎంతమంది ఆ పేరునూ, తమ నోట్లో రోజూ ఆడే మాటనూ కలిపి చూసుకుంటారో.

గేటు లోపల రెసిడెన్సీ భవనం ఉంది. ఆరు స్తంభాలూ ఉన్నాయి, రెండు సింహాలూ ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక అది ఆడపిల్లల కాలేజీ అయింది. కోఠి ఉమెన్స్ కాలేజీ అంటే తెలియనివాళ్లు లేరు. 2022లో అది విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తన పంట కోసం దొరను ఎదిరించిన ఐలమ్మ పేరు ఇప్పుడు రెసిడెంట్లు ఏలిన ప్రహరీ మీద ఉంది. ఈ గేటు విరగ్గొట్టడానికి వచ్చినవాడి పేరు ప్రహరీ బయటి రోడ్డుకు ఉంది. తోటలో నడిచే విద్యార్థినులకు మొదటి రోజే ఎవరైనా ఈ రెండు కథలూ కలిపి చెబితే ఎంత బాగుంటుంది!

తూప్రాన్‌కు మాత్రం మెట్రో లేదు. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మేడ్చల్ వైపు దిగి, 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకోవాలి. సెలవు రోజుల్లో ఐటీ ఉద్యోగుల కార్లు ఆదిలాబాద్ అడవుల వైపు, నాగపూర్ వైపు ఈ దారినే పోతుంటాయి. మేడ్చల్ దాటాక దాబాలు, మక్కజొన్న పొత్తులు కాల్చే బండ్లు, అక్కడక్కడా చెరువు గట్లు. జనవరిలో పొద్దున పొగమంచు రోడ్డును కమ్మేసి ఉంటుంది. ఆగకుండా నడిపితే గంటన్నర కూడా పట్టదు. తుర్రేబాజ్ ఖాన్ జైలు నుంచి బయటపడి, తూప్రాన్ దగ్గర నేలకొరిగేదాకా, ఆరు రోజులు స్వేచ్ఛగా ఉన్నాడు.